జీడి తినేసిన వేలిముద్ర

ఆ సోమవారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోపు గౌతమి రెండు సంగతులు తేల్చుకోవాలి. ఒకటి, టెక్కలి అవతల హైవే పక్కనున్న కంప్యూటర్ పరీక్షల కేంద్రంలోకి అడుగుపెట్టడం. పెడితే, ఒక పెద్ద విమాన కంపెనీ కో-పైలట్ల కోసం నడుపుతున్న తొలి పరీక్ష రాయవచ్చు. రెండోది, తాను విమానం నడపడం నేర్చుకున్న మధ్యప్రదేశ్ స్కూలుకి జవాబు పంపడం. అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరడానికి వస్తున్నాననో, రావడం లేదనో.

రెంటికీ ఔననడానికి లేదు. స్కూలులో చేరితే రెండేళ్ళు కదలనని కాగితం రాసివ్వాలి. అక్కడున్నది ఒక్క ఖాళీ. పన్నెండు దాటితే అది జాబితాలో రెండో పేరుకి పోతుంది. పరీక్ష హాల్లోకి ఫోను పట్టుకెళ్ళనివ్వరు కాబట్టి, ఆ జవాబేదో గేటు బయటే పంపాలి.

గౌతమికి ఇరవై మూడేళ్ళు. లైసెన్సు చేతికొచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె నడిపిన వాహనం నాన్న పాత స్కూటరొక్కటే. ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిస్తే లైసెన్సు ఉంటుంది గాని, దాన్ని చూపించినా ఎవరూ కుర్చీలోంచి లేవరు.

ఆమె మనసులో మాత్రం తేలిపోయింది. పరీక్షకే వెళ్తోంది. గేటు దాటేముందు స్కూలుకి రానని పంపేస్తుంది. పలాసలో బస్సెక్కినప్పటి నుంచీ ఆ రెండు లైన్లూ ఫోనులో రాసిపెట్టే ఉన్నాయి.

పక్కన మేనత్త కాంతం కూర్చుంది. నిజానికి రావలసింది తల్లి వనజ. కూతురు ఒంటరిగా ఆకాశంలో తిరిగొచ్చిందంటే టీ తాగుతూ విన్న వనజకి, కూతురు పరీక్ష రాస్తోందంటే మాత్రం అన్నం సయించదు. అందుకని ఆడపడుచుని పంపింది. కాంతం ముప్పై ఏళ్ళు పలాసలో జీడిపిక్కలు కొట్టి, ఇప్పుడు అక్కుపల్లికి ఇవతల తమ ఊళ్ళోనే పదిమంది ఆడవాళ్ళతో చిన్న షెడ్డు నడుపుతోంది. ఆమెకి ఎప్పుడైనా అన్నం సయిస్తుంది.

"ఒలే గౌతమీ, ఆ కంపినీ ఇమానంలో ఎంతమంది పడతారు?" అంది.

"నూటెనభై మంది అత్తా."

"మరి ఆ ఇస్కూలుదాంట్లో?"

"ఇద్దరు."

కాంతం వేళ్ళమీద లెక్క చూసుకుంది. "మనూరి ఆటోలో పదకొండుమందెక్కుతారు గదే," అంది.

బస్సు నందిగాం దాటాక తరుణ్ ఫోన్ చేశాడు. ఇద్దరూ ఒకే బ్యాచ్. స్కూలు జాబితాలో రెండో పేరు అతనిదే.

"చెప్పవే, ఏం చేస్తున్నావు?" అన్నాడు. "విశాఖలో గ్రౌండ్ ఉద్యోగానికి సంతకం పెట్టమంటున్నారు. మూడేళ్ళ బాండు. విమానాల్లోకి సామాన్లెక్కించే లెక్కలు. పన్నెండుకి తేల్చమన్నారు. పెన్ను చేత్తో పట్టుకుని కూర్చున్నాను."

"నేను పరీక్ష రాస్తున్నారా. స్కూలుకి రానని పంపేస్తాను. గేటు దగ్గరకెళ్ళగానే."

"ఒట్టు?"

"ఒట్టెందుకురా. అది నీదే అనుకో."

అతను గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు ఫోనులో వినిపించింది. తర్వాత గౌతమి చాలాసార్లు తలచుకున్నది ఆ చప్పుడునే.

కేంద్రం దగ్గర దిగేసరికి పదకొండుంబావు. గేటు ముందు కట్టిన తాడు వెంట జనం బారు తీరి ఉన్నారు. ఆ పూట అక్కడ మూడు పరీక్షలున్నాయి. బ్యాంకు ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు వందపైనే, రైల్వేకి వచ్చినవాళ్ళు ఓ యాభై. విమానం నడపడానికి వచ్చింది ఒక్కతే.

కేంద్రం ఇన్‌ఛార్జి కృష్ణారావు ఆమె హాల్‌టికెట్ చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"పైలట్టా అమ్మా?"

"అవును సార్."

"ఏ ఊరు?"

"అక్కుపల్లి దగ్గర సార్."

"చాలా సంతోషం. బొటనవేలు పెట్టండి."

ఆధార్‌తో వేలిముద్ర సరిపోవాలి. గౌతమి అద్దం మీద వేలు పెట్టింది. మిషను ఎర్రలైటు వెలిగించింది. తుడిచి మళ్ళీ పెట్టింది. ఎరుపే. మూడోసారి కృష్ణారావు స్వయంగా ఆమె వేలు పట్టుకుని నొక్కాడు. మిషను అతని మాటా వినలేదు. అప్పుడతను ఆమె చెయ్యి వెలుతురులోకి తిప్పి చూశాడు. వేలికొసలు అక్కడక్కడా నల్లగా మాడి ఉన్నాయి. మాడనిచోట చర్మం ఊడి, కొత్త చర్మం చంటిపిల్ల బుగ్గలా నున్నగా ఉంది. దానిమీద గీతలు లేవు.

"జీడి కదమ్మా ఇది?" అన్నాడు. అతనిదీ ఈ జిల్లాయే. "పైలట్లు పిక్కలు కొట్టడమేంటి?"

గౌతమి తన వేళ్ళవైపు చూసుకుంది. అంతవరకూ ఆమెకా ఆలోచనే రాలేదు.

జరిగింది ఇంత. ఇంట్లో ఉంటే వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ "ఇమానం ఎప్పుడెక్కుతావు?" అని అడుగుతున్నారని, గౌతమి మధ్యాహ్నాలు అత్త షెడ్డులో కూర్చునేది. అక్కడా అదే అడిగారు, కాకపోతే పని ఆపకుండా అడిగారు. పన్నెండు రోజుల కిందట కాంతం, "ఇమానం తోలే సేతులు మా పిక్కలు ముట్టుకుంటాయేటి," అంది. ముట్టుకుంటాయని చూపించడానికి గౌతమి పీట వేసుకుంది. పిక్క కొట్టినప్పుడు తొక్కలోంచి నల్లటి నూనె కారుతుంది. అది చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే ఆడవాళ్ళందరూ చేతులకి ఆముదం పట్టించి, బూడిదలో అద్దుకుని మరీ కూర్చుంటారు. గౌతమి మొదటిరోజు అలాగే చేసింది. కానీ ఆమె పక్కన ఫోను పెట్టుకుని, పది పిక్కలకోసారి పరీక్ష ప్రశ్నలు తిప్పుకుంటోంది. ఆముదం చేతులతో ఫోను జిడ్డవుతోందని రెండోరోజు నుంచి మానేసింది. పది రోజులు కొట్టింది. పదో రోజుకి కాంతంతో సమానంగా కొడుతోందని షెడ్డంతా మెచ్చుకుంది.

తాడు అవతల నిలబడ్డ కాంతం ఎర్రలైటు చూసింది. ఆమెకది కొత్త కాదు. రేషను డిపోలో ఆ లైటు ఆమెకి నెలనెలా వెలుగుతుంది. తాడెత్తి ఇవతలకి వచ్చేసింది.

"అమ్మా, మీరు రాకూడదు," అన్నాడు కృష్ణారావు.

"వత్తే ఏటౌద్ది బాబూ, నాను పరీచ్చ రాత్తానేటి? దానికి ఏలెట్టడం రాదు, సెప్పీసి పోతాను." మేనకోడలి చెయ్యి లాక్కుంది. "ఆముదం రాసుకోమని సెప్పినానా లేదా?"

"సెప్పినావు."

"మరేటి రాసుకోలేదు?"

"ఫోను పాడవుద్దని."

"ఫోను బాగుందా?"

"బాగుంది."

"సంతోసం." కాంతం కోడలి వేళ్ళు తన కొప్పులో రుద్దింది, తలనూనె అంటేలా. చీర కొంగుతో అద్దింది. నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊదింది. "నొక్కకు. నొక్కితే ఉన్న గీతలూ అణిగిపోతాయి. ఈగ వాలినట్టు పెట్టు."

గౌతమి ఈగ వాలినట్టే పెట్టింది. ఎరుపు. వెనక నిలబడ్డ బ్యాంకు పరీక్షలవాళ్ళు వాచీలు చూసుకుంటున్నారు. కృష్ణారావు వాళ్ళని రెండో మిషనుకి మళ్ళించి, గౌతమితో ఒక్కో వేలూ పెట్టించాడు. కుడిచేతివి ఐదూ ఎరుపు. ఎడమచేతివి నాలుగు ఎరుపు.

"సిటికినేలు," అంది కాంతం. "పిక్కకి అందనిది అదొక్కటే. నా బియ్యమంతా ఆ ఏలుతోటే తెచ్చుకుంతన్నాను."

ఎడమ చిటికెనవేలికి మిషను కొంచెం ఆలోచించింది. పసుపు లైటు వెలిగింది. గౌతమి వేలు కదపలేదు. పసుపు మళ్ళీ ఎరుపయింది.

కృష్ణారావు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంక ఒకటే దారి. హైదరాబాదు నుంచి పర్మిషన్ మెయిల్ రావాలి. వస్తే ఫొటో తీసుకుని లోపలికి పంపుతాను. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"ఎంతసేపు పడుతుంది సార్?"

"ఒక్కోసారి ఐదు నిమిషాలు," అన్నాడతను నిజాయితీగా. "ఒక్కోసారి రెండు రోజులు. పన్నెండుకి మాత్రం కంప్యూటరే గేటు మూసేస్తుందమ్మా. తర్వాత నేను కాదు, కలెక్టరొచ్చినా తెరుచుకోదు."

అప్పటికి పదకొండూ నలభై ఒకటి.

జనరేటరు పక్కన జానెడు నీడ ఉంటే ఇద్దరూ అందులో నిలబడ్డారు. ఎండ నెత్తి మీదికొచ్చింది. గౌతమి ఫోను తీసింది. పొద్దున రాసిపెట్టిన రెండు లైన్లూ అలాగే ఉన్నాయి. రానందుకు మన్నించమని, అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలనీ. పంపే మీట మీద వేలు ఆగిపోయింది.

మెయిల్ వస్తుందనుకుని ఇది పంపేసి, మెయిల్ రాకపోతే? పన్నెండూ ఒకటికి ఆమెకి పరీక్షా ఉండదు, స్కూలూ ఉండదు. స్కూటరు ఉంటుంది.

"రెండిటికీ ఔననీసి," అంది కాంతం. "ఇస్కూలుకి వత్తానని సెప్పు. లోపలికెల్లి పరీచ్చ రాసీ. పాసైతే ఆలకి నాను రాను బాబో అని దండం పెట్టీ."

"అలా కాదు అత్తా. నేను వస్తానంటే ఇస్కూలు మేడం ఎంటనే తరుణ్‌కి లేదని సెప్పీస్తారు. ఆడు ఇశాకలో సంతకం పెట్టీస్తాడు. మూడేళ్ళు."

"ఆడికేటి సెప్పినావు మరి?"

"అది నీదే అనుకోమన్నాను."

కాంతం కోడలి మొహంలోకి చూసింది. కొంగు తీసి కోడలి నెత్తిమీద నీడగా పట్టింది. అది కాంతానికి అలవాటు లేని పని. గౌతమికి మరింత భయమేసింది.

దిగేటప్పుడు మబ్బుంటే పైలట్లకి ఒక నియమం ఉంది. ఇంత ఎత్తు దాకా దిగాక కూడా రన్‌వే కనబడకపోతే, ఇంకేమీ ఆలోచించకుండా మళ్ళీ పైకి లేచిపోవాలి. ఆ ఎత్తు ఎంతో పైనున్నప్పుడే అనుకోవాలి గాని, కిందికొచ్చాక బేరమాడకూడదు. ఇంకొక్క క్షణం చూద్దామనుకున్నవాళ్ళ గురించి స్కూలులో ఒక పాఠం మొత్తం ఉంది. అందులో ఫొటోలూ ఉన్నాయి. గౌతమి తనకో గీత గీసుకుంది. పదకొండూ యాభై. అప్పటికి మెయిల్ వస్తే పరీక్ష, రాకపోతే స్కూలు.

"యాబై దాకా సూత్తాను," అంది.

"యాబై ఎందుకు? పన్నెండు దాకా ఉంది గదా."

"పన్నెండు దాకా సూత్తే రెండూ పోతాయత్తా."

పదకొండూ నలభై నాలుగు. కృష్ణారావు కిటికీలోంచి ఫోనులో మాట్లాడుతూ కనబడుతున్నాడు. చేతులు తిప్పుతున్నాడు. నలభై ఆరు. ఫోను పెట్టేశాడు. మళ్ళీ తీశాడు. నలభై ఏడు. ఆఖరి బ్యాంకు అభ్యర్థి పరుగెత్తుకుంటూ వచ్చి, వేలు పెట్టి, పచ్చలైటు వెలిగించుకుని లోపలికి పోయాడు. అంత ఆలస్యంగా వచ్చి, అంత తేలిగ్గా వెళ్ళిపోయిన మనిషిని చూసి కాంతానికి ఒళ్ళు మండింది.

"సేత్తో ఏ పనీ సెయ్యని గుంటడు గావాల," అంది. "ఆడి ఏలు బంగారం."

నలభై తొమ్మిది. గౌతమి ఫోను తెరవబోయింది. ఫోను ఆమె వేలిని గుర్తుపట్టలేదు; వారంగా ఇదే వరస, ఫోను పాతబడిందనుకుంటూ వచ్చింది. అంకెలు కొట్టి తెరిచింది. పొద్దున రాసిన రెండు లైన్లూ చెరిపేసింది. 'మేడం, నేను వస్తున్నాను. శుక్రవారానికి అక్కడుంటాను' అని రాసింది.

"ఇంకో ఐదు నిముసాలాగు," కాంతం గొంతు మెత్తబడింది. "అదిగో, ఆ బాబు లేసి నిలబడ్డాడు. ఏదో వచ్చినట్టుంది. నా మాటిను. నీ సేతులు పాడు సేసింది నానే గదా, నా కోసం ఆగు."

గౌతమి కిటికీ వైపు చూసింది. కృష్ణారావు లేచి నీళ్ళు తాగుతున్నాడు.

ఫోను మీద యాభై పడింది. పంపేసింది.

స్కూలు హెడ్డు, ఆమెకి విమానం నేర్పిన కెప్టెన్ మేడం, జవాబివ్వడానికి నిమిషం కూడా తీసుకోలేదు. 'సంతోషం. లాగ్‌బుక్కు, మెడికల్ కాగితాలు తీసుకురా. మిగతావాళ్ళకి చెప్పేస్తున్నాను.' గౌతమి దాన్ని రెండుసార్లు చదివింది. మనసు తేలికవుతుందనుకుంది. అవలేదు. తరుణ్‌కి తనే ముందుగా చెప్పాలని అతని నంబరు వెతుకుతుండగానే అతని దగ్గర్నుంచి మెసేజి వచ్చింది.

'మేడం చెప్పారు. ఇక్కడ సంతకం పెట్టేశాను. ఆల్ ది బెస్ట్.'

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసింది. కట్ చేశాడు.

"అమ్మా, పైలట్ అమ్మా," కృష్ణారావు గేటు దగ్గర్నుంచి చెయ్యెత్తి పిలుస్తున్నాడు. నుదుటి మీద చెమట. మొహం వెలిగిపోతోంది. "వచ్చింది. పర్మిషన్ వచ్చింది. రండి రండి, ఫొటో తీసేస్తే ఐపోతుంది. ఇంకా ఐదు నిమిషాలుంది."

కాంతం కోడలి చేతిలోంచి ఫోను లాక్కుని రవికలో దోపుకుంది. "ఎల్లు. బేగెల్లు. ఫోను నాకాడుంటాది. తరవాత సూసుకుందాం, అన్నీ తరవాతే."

గౌతమి నాలుగడుగులు వేసింది. అది ఆమె అనుకుని వేసింది కాదు. గేటు తెరిచే ఉంది. లోపల కారిడారులో ఏసీ చల్లదనం మోకాళ్ళకి తగులుతోంది. ఎవరికీ తెలియదు. రెండు గంటలు కూర్చుని రాసి రావచ్చు. ఎంపికైతే అప్పుడు మేడానికి ఏదో చెప్పవచ్చు. ఎంపిక కాకపోతే అసలు ఏమీ చెప్పక్కర్లేదు. ఇంత తేలికైన తప్పు ఆమె ముందుకి ఎప్పుడూ రాలేదు.

కానీ ఆమె బాగా రాస్తుంది. అదే చిక్కు. ఎనిమిది నెలలుగా ఆ ప్రశ్నలే తింటోంది, ఆ ప్రశ్నల కోసమే వేళ్ళు కాల్చుకుంది. బాగా రాస్తే నూటెనభై మంది పట్టే విమానం వస్తుంది. స్కూలు ఖాళీ మళ్ళీ ఖాళీగానే ఉంటుంది. తరుణ్ మాత్రం మూడేళ్ళు విశాఖలో సామాన్ల బరువులు రాసుకుంటూ ఉంటాడు. అతని నోటి దగ్గరది లాక్కుంది. లాక్కున్నదాన్ని తినకుండా పారేస్తే, దాన్ని ఏమంటారో ఆమెకి తెలియలేదు. పైకి లేచిన విమానం, మబ్బులో సందు కనబడిందని మళ్ళీ కిందికి దూకదు.

"సార్," అంది. "నేను రాయడం లేదు సార్."

కృష్ణారావుకి వినబడింది గాని అర్థం కాలేదు. "ఏంటమ్మా?"

"వేరే ఉద్యోగానికి వస్తానని చెప్పేశాను. ఐదు నిమిషాల కిందట."

అతను ఆమెనీ, వాచీనీ, మళ్ళీ ఆమెనీ చూశాడు. "నాలుగు ఫోన్లు చేశానమ్మా," అన్నాడు. కోపంగా కాదు, దెబ్బతిన్నట్టుగా. "నా సర్వీసులో ఒక్కరి కోసం ఇన్ని ఫోన్లు చేయడం ఇదే మొదటిసారి."

"క్షమించండి సార్."

"నాకెందుకమ్మా క్షమాపణ. మీరు రాయనన్నారని ఒక కాగితం ఇవ్వండి. లేకపోతే నేనే ఆపేశానంటారు." కాగితం తెచ్చాడు. గౌతమి సంతకం పెట్టింది. అతను అలవాటుకొద్దీ ఇంకుప్యాడు ముందుకి తోసి, ఆమె చేతివైపు చూసి, వెనక్కి లాక్కున్నాడు. "సంతకం చాలులెండి."

పన్నెండుకి లోపలెక్కడో గంట మోగింది. ఇనప గేటు తనంతట తనే జరిగి మూసుకుంది. ఆ మూతబడడాన్ని గౌతమి చివరిదాకా నిలబడి చూసింది. చూడాలనిపించింది.

బస్సు ఆగేచోటికి నడిచినంతసేపూ కాంతం నాలుగడుగులు ముందే ఉంది. చెట్టు లేని స్టాపులో కొంగు నెత్తిమీద కప్పుకుని నిలబడి, చివరికి రవికలోంచి ఫోను తీసి ఇచ్చింది.

"ఆ గుంటడికి మళ్ళీ సెయ్యి," అంది.

గౌతమి చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"రేపు సెయ్యి. ఎల్లుండి సెయ్యి. ఎత్తీదాకా సెయ్యి." కాంతం రోడ్డు వైపు తిరిగింది. "తిడతాడు. తిట్టించుకో. తిట్టించుకుంటే కొంచెం తగ్గుద్ది."

"నువ్వు తిట్టవా అత్తా?"

"నా వంతు ఇంటికెల్లినాక. ఇక్కడ ఎండగుంది."

అప్పుడే కాంతం ఫోను మోగింది. గౌతమి నాన్న ఢిల్లీరావు. కూతురు లోపల ఉంటుందనుకుని అక్కకి చేశాడు. కాంతం పేరు చూసి, ఎత్తకుండానే ఫోను కోడలి చేతిలో పెట్టింది. "నీకే. నాను సెప్పను."

"నానా," అంది గౌతమి.

"అదేటే, నువ్వు లోపలికెల్లలేదేటి?"

"లేదు నానా. ఏలిముద్ర పడలేదు. తరవాత పర్మిషన్ వచ్చింది గాని, అప్పటికే ఇస్కూలుకి వస్తానని సెప్పీసినాను. అందుకని రాయలేదు."

నాన్న తోటలో ఉన్నాడు, అక్కడ కొబ్బరికాయలు దింపుతున్నారు. ఒక్కో కాయా నేలకి తగిలిన చప్పుడు వినబడుతోంది. ఢిల్లీరావు ఆ కాయలు పక్కకి వేయమని ఎవరికో చెప్పి, మళ్ళీ ఫోనులోకి వచ్చాడు.

"రెండేళ్ళ కాయితం గదా అది?"

"రెండేళ్ళదే."

"ఎప్పుడెల్లాలి?"

"బుధవారం రాత్రి రైలెక్కాలి."

"పలాసలో ఆగుద్దా అది?"

"ఆగదు నానా. ఇశాకెల్లి ఎక్కాల."

"సరే." మరో కాయ పడింది. "నీకిట్టమేనా?"

దూరంగా హైవే మీద పలాస బస్సు కనబడింది. కాంతం చెయ్యెత్తి, ఆ బస్సు ఆగకపోతే దాని సంగతి చూస్తానన్నట్టు రోడ్డు మధ్యదాకా వెళ్ళి నిలబడింది.

"ఇంకా తెలీలేదు నానా," అంది గౌతమి. "ఎల్తాను గాని."